ఎదర కూచునే మనిషి

కిటికీ తెరుచుకుంది. లోపలి నుంచి పళ్ళెం జారి వచ్చింది. అందులో చిలుం పట్టిన ఇత్తడి చెంబు, చింతపండు ఉండ, గుప్పెడు ఇసక, కొబ్బరి పీచు ఉన్నాయి. పేరిందేవి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టుకుంది. చేతి కడియాన్ని గోడకి ఆనించింది. పలక వెలిగింది.

పలక మీద పేరు ఉండదు. రాసింది ఆడో మగో, ఏ ఊరో, ఏ వయసో తెలీదు. పని ఒక్కటే ఉంటుంది. ఆ పని పలకలో ఉన్నట్టుగా చేసి చూడాలి. అంతకంటే ఎక్కువ చెయ్యకూడదు, తక్కువ చెయ్యకూడదు.

"చింతపండు నీళ్ళలో వేసి పిసకండి" అని ఉంది. నానబెట్టమని లేదు. నానితే బాగా పిసకొచ్చని పేరిందేవికి తెలుసు. తెలిసినా ఊరుకుంది. తన తెలివి ఇక్కడ కలపకూడదు. ఎండు చింతపండునే పిసికి, ఇసక కలిపి, పీచుతో రుద్దింది. చెంబు నల్లగా చూసింది ఆమెని. ఆమె కూడా చెంబుని అలాగే చూసింది.

తరవాతి ముక్క చదివింది. "రాదు. నాకు తెలుసు. అలా ఎండలో పెట్టి అన్నం తినొచ్చి మళ్ళీ రుద్దండి."

పేరిందేవి నవ్వుకుంది. ఎవరో గట్టి మనిషే. ఎండదీపం కింద చెంబు పెట్టి, మరో పలక పని చూసుకుని వచ్చి రుద్దింది. చెంబు మెరిసింది. తన మొహం అడ్డంగా సాగి అందులో కనిపించింది. తీర్పు బల్ల మీద ఉన్న రెండు పెద్ద మీటల్లో "నిలిచింది" అన్నదాన్ని నొక్కింది.

ఎక్కడో ఆ పలక ఒక మెట్టు ఎక్కుతుంది. ఆ ఇంట్లో ఈ పూట కూరలో చేప ముక్క పడుతుంది. ఎవరి ఇల్లో మాత్రం తెలీదు. తెలీకపోయినా ఆ నొక్కుడంటే పేరిందేవికి ఇష్టం.

లోకంలో ఎవరికి ఏం కావాలన్నా వరసనే అడుగుతారు. చెంబుకి చిలుం పోవాలన్నా వరసే, చంటిపిల్ల కడుపునొప్పికీ వరసే. వరస మెట్లు మెట్లుగా పలకలు చూపిస్తుంది. పదో మెట్టు దాకా గడప. గడప లోపలున్న పలకని చూడటానికి జనం వస్తారు; ఆ రాకలకి, తలకింతని, చూపుకూలి ఉంటుంది. గడప దిగిన పలక బావిలో పడ్డ చెంబు. అది అక్కడుందని పడేసుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ తెలీదు.

పూర్వం వరస మాటలు చూసి మెట్లు ఇచ్చేదట. దాంతో మాటలు అల్లేవాళ్ళు బలిసిపోయారు. జన్మలో చెంబు తోమనివాళ్ళు చెంబు తోమడం గురించి నిండుగా రాసి, మొదటి మెట్టు మీద కాలు మీద కాలేసుకుని కూచున్నారు. నిజంగా తోమేవాళ్ళు నాలుగు ముక్కలు రాసి అడుగున పడ్డారు. జనం అడిగి అడిగి, చేసి చేసి, చెడిపోయి, వరస మీద నమ్మకం పోగొట్టుకున్నారు. అప్పుడు కట్టారు ఈ రుజువు గదులు. అమలాపురం మూడో గట్టు మీద ఇవి వరండా పొడుగునా ఉంటాయి. ఇలాంటివి లోకంలో ఇంకెన్ని ఊళ్ళలో ఉన్నాయో పేరిందేవి ఎప్పుడూ లెక్కేసుకోలేదు.

గదికి ఒక్కరే మనిషి. ఇద్దరుంటే మాట కలుపుకుంటారు, ఒకరికొకరు సాయం చేసుకుంటారు, తీర్పు పాడవుతుందని ఆ కట్టుబాటు. గదికీ గదికీ మధ్య గోడలో ఒక తలుపు ఉంది. ఎందుకు పెట్టారో తెలీదు. అది తెరుచుకోగా ఎవరూ చూడలేదు. పేరిందేవి తన తలుపు గొళ్ళేనికి తడిగుడ్డ ఆరేసుకుంటుంది.

*

ఆ పొద్దున్న పడవెక్కే ముందు అబ్బులు ఆమె చేతికి మజ్జిగ చెంబు ఇచ్చాడు. అబ్బులు ఆమె మొగుడు. మేనమామ కొడుకు కూడా.

"ఏంటి మావా, ఇంత ప్రేమ?"

"ప్రేమా పాడా. నీళ్ళెక్కువైపోయేయి. పారబొయ్యలేక ఇచ్చేను."

ఆమె తాగింది. నీళ్ళేమీ ఎక్కువ కాలేదు. అల్లం కూడా దంచి వేశాడు. అబ్బులు ఏదో చెప్పాలనుకున్నప్పుడు ముందు తినడానికో తాగడానికో ఏదో ఒకటి ఇస్తాడు. పెళ్ళైన కొత్తలోనే ఆమె అది కనిపెట్టింది.

"చెప్పు," అంది.

"పూడిక ఓడవాళ్ళు ఇయ్యాల సాయంత్రం దాకా చూత్తానన్నారు."

"ఏం చూత్తారు?"

"నేను వత్తానో రానో."

పేరిందేవి చెంబు కడిగి బోర్లించింది. సముద్రం లోపలికి వచ్చి ఊళ్ళన్నీ గట్ల మీదకి ఎక్కిన దగ్గర్నించీ పూడిక తోడే ఈ ఓడలకి మనుషులు కావాలి. ఎక్కినవాళ్ళు వానలు వెళ్ళేదాకా దిగరు. దిగినవాళ్ళ నడుం మళ్ళీ మునుపటిలా ఉండదు.

"పలక ఇంకా గడపలోనే ఉందిగా," అంది.

"ఉంది. తొమ్మిదో మెట్టు మీద వేలాడతంది. పొద్దున్నించీ ఒక్కడొచ్చేడు. ఆడూ నవారు మంచం అనుకుని వచ్చేడు. క్షమించండని చెప్పి వెళ్ళిపోయేడు. మంచి కుర్రోడే."

అబ్బులు నులక మంచాలు అల్లుతాడు. గట్ల మీద చెమ్మకి పరుపు ఆగదు. కొన్న నెలలోనే బూజు పడుతుంది. అడుగు నుంచి గాలి ఆడే నులక మంచం ఒక్కటే ఆగుతుంది. అందుకని రెండేళ్ళ కింద జనం అడగటం మొదలుపెట్టారు. "రాసి పెట్టు మావా, ఇంటింటికీ తిరిగి ఎంతమందికని చెబుతావు?" అని పేరిందేవే అంది. అబ్బులు నోటితో చెప్పాడు, పలక రాసుకుంది. ఆ వానాకాలం అది మూడో మెట్టు దాకా ఎక్కింది. రాకలు వరదలా వచ్చాయి. చూపుకూలితో పడవకి కొత్త ఎండరేకు వేశారు. అబ్బులు చారల చొక్కా కొనుక్కుని, అది వేసుకుని మంచాలు అల్లాడు. పలక చూసేవాళ్ళకి చొక్కా కనబడదని ఆమె చెప్పినా వినలేదు.

తరవాత పలక దిగడం మొదలుపెట్టింది. ఎందుకో తెలీదు. అల్లిక మారలేదు, నులక మారలేదు. మెట్టు దిగినకొద్దీ రాకలు సగం, ఆ సగంలో సగం అవుతూ వచ్చాయి. మొదటి మెట్టు మీద ఇప్పుడు బిగింపుపట్టీల మంచం ఉంది. ఒక్కళ్ళే కూచుని టకటకా బిగించుకోవచ్చు. ఏడాది తిరక్కుండా విరుగుతుంది. విరిగాక మళ్ళీ అడుగుతారు, మళ్ళీ అదే పలక.

"గడప దిగితే వెళ్ళిపోతాను," అన్నాడు అబ్బులు నీళ్ళకేసి చూస్తూ. "దిగకపోతే ఉంటాను. అంతే. దానికి నువ్వు మొహం అలా పెట్టకు."

"నా మొహమే అంత."

"అబ్బే. పెళ్ళిచూపుల్లో బానే ఉంది."

పడవ వచ్చింది. ఆమె ఎక్కింది. గదుల్లో ఏం చేస్తావని అతను ఎప్పుడూ అడగలేదు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు. అది కూడా కట్టుబాటే.

*

మధ్యాహ్నం వరండాలో ఏసుపాదం క్యారేజీ విప్పాడు. అతనిది పక్క గది. రోజూ ఒకే పడవలో వస్తారు, ఒకే చోట తింటారు, తలుపు అవతలా ఇవతలా పనిచేస్తారు. పని వేళల్లో అతని దగ్గు మాత్రం గోడలోంచి వస్తుంది.

"ఏం కూరక్కా?"

"ఏదైనా సగం నీకేగా. మూత తీసి చూసుకో."

"మా ఆవిడ కూర తింటంటే తీర్పు మీటలు గుర్తొత్తన్నాయక్కా. నిలవలేదు అని కొట్టెయ్యాలనిపిత్తంది."

"చెప్పనా దానికి?"

"వద్దమ్మా తల్లీ. ఇంట్లో నాకున్నదే ఆఖరి మెట్టు. అదీ పోతది."

పలకల సంగతి బయట మాట్లాడకూడదు. ఏసుపాదం నోట్లో మాత్రం ముద్ద ఆగుతుంది గానీ మాట ఆగదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పొద్దున్న నాకో రంపం వచ్చిందక్కా. ఇంత పొడుగు. రెండు పక్కలా పిడులే. దుంగ కొయ్యమంది. ఈ పిడి పట్టుకుని లాగితే ఆ పిడి పాములా ఊగుతది. అటెళ్ళి లాగేను, ఇటొచ్చి లాగేను. ఒకసారి నా పంచి కూడా కోసుకున్నాను. దుంగకి గాటు పడలేదు. నన్ను చూసి నవ్వింది."

పేరిందేవి పొలమారేలా నవ్వింది. "ఏం కొట్టేవు?"

"ఇంకేం కొడతాను? నిలవలేదు."

"పాపం, రాసినాయన ఎవరో."

"పాపమేనక్కా. తెగితే కదా." ఏసుపాదం ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "మనం తెగిందంటే తెగినట్టు నమ్మేవాళ్ళున్నారు. తెగందాన్ని తెగిందని ఎలా అంటాను?"

ఆ మాటకి ఆమె తల ఊపింది. ఏసుపాదం వాగుడుకాయే గానీ అబద్ధం మీట ఎన్నడూ నొక్కడు. అందుకే అతనికి కూర సగం పెడుతుంది.

*

అన్నాలయ్యాక కిటికీ మామూలుగా తెరుచుకోలేదు. కింది గోడ మొత్తం పక్కకి జరిగింది. పెద్ద సరుకు. నాలుగు మంచం కోళ్ళు, నాలుగు పట్టెలు, కొబ్బరి నులక చుట్ట. పేరిందేవి నులక చేత్తో తడిమింది. మంచాల పలకలు బోలెడుంటాయి అనుకుంది. కడియం గోడకి ఆనించింది.

పై అంచున మెట్టు వెలిగింది. తొమ్మిది. పక్కన రెండు ఎర్ర చుక్కలు. రెండు గదుల్లో నిలవలేదు. ఇది మూడోది. ఇక్కడా నిలవకపోతే గడప దిగిపోతుంది.

"పట్టెలు కోళ్ళలో దిగ్గొట్టండి. ఊగకూడదు. ఊగితే మంచం కాదు, ఊయల."

ఆమె దిగ్గొట్టింది. చేతులు వాటంతట అవే దిగ్గొట్టాయి. తరవాతి ముక్క చదవకముందే ఆమెకి తెలిసిపోయింది.

"నులకని వేలితో మీటితే టుంగు మనాలి. దబ్బు మంటే విప్పేసి మళ్ళీ మొదలెట్టండి. ఏడవకండి. నేనూ విప్పేను."

అబ్బులు గొంతు. పలక మీద అక్షరాలుగా ఉన్నా అది అబ్బులు గొంతే. ఇంటి వరండాలో ఎన్నివేలసార్లు విందో ఆ టుంగు. వంట చేస్తూ వింది, నిద్రలో వింది. దబ్బు మన్నప్పుడు అతను తిట్టుకునే తిట్లు మాత్రం పలకలో లేవు. వరస తీసేసినట్టుంది.

తీర్పు బల్ల అంచున చిన్న మీట ఒకటుంది. దాని పేరు తెలిసిన చేయి. రాసినవాళ్ళెవరో తెలిసిపోతే అది నొక్కాలి. పలక పక్క గదికి పోతుంది, రుజువుదారుకి ఆ పూట కూలి ఉండదు. పేరిందేవి దాని మీద వేలు పెట్టి ఆగిపోయింది. రెండు గదుల్లో ఎందుకు నిలవలేదో చూడాలి. చూడకుండా వదిలితే ఇంక ఈ జన్మకి తెలీదు.

అల్లడం మొదలుపెట్టింది. పలకలో ఉన్నట్టే చేసింది. "నులక పట్టె కిందగా ఇవ్వాలి. తిరిగొచ్చాక గట్టిగా లాగి పట్టుకోవాలి." ఇచ్చింది. తిరిగి రాలేదు. లేచి మంచం చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళి, తనే తీసి, తనే మళ్ళీ ఇటు పంపింది. మళ్ళీ తిరిగి వచ్చింది. ఇటు లాగేసరికి అటు వదులైపోయింది. అటు బిగిస్తే ఇటు జారింది. ఒక మూల అల్లేసరికి చెమట పట్టింది. వేలితో మీటింది.

దబ్బు మంది.

పేరిందేవి నేల మీద కూచుంది. ఎదురుగా ఖాళీ పట్టె ఉంది. ఆ పట్టె దగ్గర ఎవరు కూచోవాలో ఆమెకి తెలుసు. అది ఆమె చోటు. పెళ్ళైనప్పటి నుంచీ అక్కడే కూచుంది. అతను ఇస్తాడు, ఆమె అందుకుని, బిగువు చూసి, తిప్పి ఇస్తుంది. అతను లాగుతాడు, ఆమె పట్టి ఉంచుతుంది. గొడవ పడ్డ రోజుల్లో కూడా ఒక్క మాట లేకుండా మంచం మొత్తం అల్లేశారు. పలకకి అతను నోటితో చెప్పిన రోజున కూడా ఆమె అక్కడే ఉంది. నులక పళ్ళతో పట్టుకుని ఉంది కాబట్టి మాట్లాడలేదు.

పలక పైనించి కిందదాకా చదివింది. కోళ్ళకి ఏ కర్రో ఉంది. నులక ఎలా తడపాలో ఉంది. తరవాత చేర్పించిన ఆ చారల చొక్కా సంగతి కూడా ఒకచోట ఉంది. ఎదర ఒక మనిషి కూచోవాలని మాత్రం ఎక్కడా లేదు.

కోపం వచ్చింది. ఇన్నేళ్ళు కూచుంటే ఒక్క ముక్క రాయలేదు. ఇంటికెళ్ళాక మజ్జిగ చెంబు మొహాన పోసెయ్యాలనుకుంది.

తరవాత గది చుట్టూ చూసింది. మంచం పెట్టడానికి నేల ఉండాలని కూడా రాయలేదు అబ్బులు. ఊపిరి పీలుస్తూ అల్లాలని రాయలేదు. ఆమె ఉండకపోవడమనేది అతని బుర్రకి తట్టి ఉండదు.

కొంగుతో మొహం తుడుచుకుంది. ఏసుపాదం గోడ అవతల దగ్గాడు.

*

చెయ్యదగినవి నాలుగు కనిపించాయి ఆమెకి. "నిలిచింది" నొక్కొచ్చు. పట్టి ఉంచేది ఎవరో చెప్పేవాళ్ళు లేక, నమ్మి అల్లుకున్నవాళ్ళ మంచాలు నేలకి తగులుతాయి. "నిలవలేదు" నొక్కొచ్చు. చేతిలో మంచం దబ్బు మంటోంది గనక అది అబద్ధం కాదు. కానీ పలక గడప దిగుతుంది, సాయంత్రం అబ్బులు ఓడెక్కుతాడు. చిన్న మీట నొక్కి చేతులు దులుపుకోవచ్చు. పక్క గదిలో ఏసుపాదం మంచం చుట్టూ తిరిగి తిరిగి, పంచె నులకలో చుట్టుకుని, చివరికి నిజమే నొక్కుతాడు.

నాలుగోది అప్పటిదాకా ఎవరూ చెయ్యలేదు.

ముందు చిన్న మీట నొక్కింది. తెలిసిన చేయి. పలక వెలుగు తగ్గింది. అది గది దాటేలోపే గోడ మీది లోటు మీట నొక్కింది. చింతపండు రాసి ఉండి చింతపండు రాకపోతే నొక్కేది అది.

"లోటు ఏ సరుకు?" అంది వరస. దాని గొంతు మర్యాదగా ఉంటుంది. ఆడా మగా కాదు.

"మనిషి."

"పలకలో మనిషి లేదు. పలకలో లేనిది లోటు కాదు."

"నేల ఉందా పలకలో?"

వరస వెతికింది. "లేదు."

"మరి మంచాన్ని గాల్లో వేలాడదీసి పంపేవా? నేల ఇచ్చేవు. వెలుతురిచ్చేవు. ఉండేవేగా అని ఇచ్చేవు. ఎదర మనిషి కూడా అంతే. ఉండేదేగా అని అతను రాయలేదు. ఉండేదేగా అని నువ్వు ఇవ్వాలి."

"గదిలో ఒక్కరే ఉండాలి. ఆ సరుకు నా దగ్గర లేదు."

"నేనున్నాను. పలకని ఏసుపాదం గదికి పంపు. సరుకులో నన్ను రాయి."

"రుజువుదారు సరుకు కాలేరు."

పేరిందేవి చేతి కడియం కేసి చూసింది. గదిలో ఆమె ఎవరో చెప్పేది అదే. అది తీస్తే కిటికీ తెరుచుకోదు, పలక వెలగదు, కూలి పడదు. తీసినవాళ్ళకి తిరిగి ఇచ్చారని ఆమె వినలేదు. మణికట్టు దగ్గర బిగుసుకుపోయింది. నీళ్ళతో తడిపి, మెలితిప్పి లాగింది. తోలు కాస్త గీరుకుంది. పొద్దున్న చెంబు వచ్చిన పళ్ళెంలో కడియం పెట్టి కిటికీలోకి తోసేసింది.

"ఇప్పుడు రుజువుదారుని కాదు," అంది. "రాసుకో."

 గదిలో దీపం ఒకసారి తగ్గి మళ్ళీ నిలబడింది. కడియం లేని మనిషిని ఏమనుకోవాలో వరసకి తెలీక అల్లాడినట్టుంది. పేరిందేవి బల్లకి ఆనుకుని నిలబడింది.  పొద్దున్న పడవ రేవులో అబ్బులు నీళ్ళకేసి చూసిన చూపు గుర్తొచ్చింది.

గోడ మధ్య తలుపుకి ఆరేసిన తడిగుడ్డ కింద పడింది. గొళ్ళెం దానంతటది జరిగింది.

తలుపు అవతల ఏసుపాదం నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. అతని ముందు కోళ్ళు, పట్టెలు, నులక చుట్ట. గోడ మీద వెలుగుతోంది. సరుకు: కోళ్ళు, పట్టెలు, నులక, మనిషి ఒకరు.

"అక్కా! నువ్వేంటక్కా నా సరుకులో వచ్చేవు?"

"సరుకుతో మాట్లాడకూడదు," అంది పేరిందేవి, వెళ్ళి ఎదురుగా పట్టె దగ్గర కూచుని. "పలక చూసి పని చెయ్యి."

*

ఆమె ఒక్క ముక్క చెప్పలేదు. ఏసుపాదం పలక చదువుకుంటూ పట్టె కిందగా నులక ఇచ్చాడు. ఆమె అందుకుని తిప్పి ఇచ్చింది. అతను లాగాడు, ఆమె పట్టి ఉంచింది. అతను తప్పు గడిలోంచి ఇస్తే అలాగే తీసుకుని అలాగే ఇచ్చింది. దబ్బు మంటే అతనే విప్పాడు.

"ఏడవకండి అని రాసేడక్కా ఇక్కడ."

"మరి ఏడవకు."

"నేనేం ఏడవట్లేదు. చెమట."

కాసేపటికి వాళ్ళ చేతులు ఒకదాన్నొకటి తెలుసుకున్నాయి. ఇతను ఇవ్వబోయేలోపే ఆమె చెయ్యి అక్కడ ఉంది. ఆమె వదలబోయేలోపే ఇతను లాగాడు. ఏసుపాదం వాగడం మానేశాడు. అదొక వింత. గదిలో నులక పట్టె మీద రాచుకునే చప్పుడు తప్ప మరేం లేదు. అల్లిక మూలలు దాటి నడిమికి వచ్చి కలిసింది.

ఏసుపాదం వేలితో మీటాడు.

టుంగు మంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అతను మనిషి బరువున్న ఇసక సంచి ఎత్తి మంచం మీద వేశాడు. నులక కొంచెం దిగి, మళ్ళీ లేచి, సంచిని పట్టుకుని నిలబడింది. అతను తీర్పు బల్ల దగ్గరకి వెళ్ళబోయి ఆగాడు. తొందరపడలేదు. సంచి తీసి తను పడుకుని చూశాడు. అటు తిరిగి, ఇటు తిరిగి చూశాడు. అప్పుడు వెళ్ళి నొక్కాడు.

"నిలిచింది," అన్నాడు నోటితో కూడా.

పై అంచున తొమ్మిది చెరిగి ఎనిమిది వచ్చింది. ఏసుపాదం అక్కడే నిలబడిపోయాడు. చెయ్యి మీట మీదే ఉంది. చిరిగిన పంచె అంచు చూసుకుంటున్నాడు.

"అక్కా. పొద్దున్నటి రంపం."

"ఊ."

"దుంగ నవ్వలేదక్కా. నేనే..." ఆగిపోయి లోటు మీట నొక్కాడు. "వరసగారూ, ఆయ్, పొద్దున్న ఒక రంపం పలక కిందకి తోసేను. అది రంపం తప్పు కాదండి. రాసినాయన తప్పు అసలు కాదు. రెండో పిడికి మనిషి కావాలండి. అది మళ్ళీ తెప్పించండి."

గోడ మీద గడపలోని మంచం పలకలన్నీ మెట్లు మెట్లుగా వెలిగాయి.

"ఎదుటి మనిషి లేక నిలవని పలకలను వెతుకుతున్నాను," అంది వరస. తరవాత, "చాలా ఉన్నాయి," అంది.

గోడ మీద మొదట ఎనిమిది పోయింది. తరవాత గడపలో ఉన్న పలకల మెట్లన్నీ పోయాయి. బిగింపుపట్టీల మంచం పక్కనుండే ఒకటో అంకె కూడా పోయింది. పలకలు ఉన్నాయి, ఏది పైనో ఏది కిందో లేదు. పేరిందేవి ఆ గోడని అలా ఎప్పుడూ చూడలేదు. ఏ పలకా మరో పలక నెత్తిన కూచోలేదు. వరండా అవతలి గదుల్లోంచి ఒక గొళ్ళెం జరిగిన చప్పుడు వచ్చింది. దాని తరవాత మరొకటి. ఎవరో ఆడమనిషి "ఎవరు?" అని కేక వేసింది. ఎవరో మగమనిషి నవ్వాడు.

"మంచం పలకలో లోటు చేర్చాలి," అంది వరస. "రాసినవారి ఒప్పుదల అడిగాను. జవాబు వచ్చింది. ఎదుటి మనిషికి వినిపించవచ్చా?"

"వినిపించు," అంది పేరిందేవి. 

వరస తన మర్యాద గొంతుతో చదివింది. "'మనిషి సంగతి కూడా రాయాలా అండీ? మా ఆవిడ ఉంటాది కదా.'"

ఏసుపాదం ఆమెకేసి చూశాడు. మంచానికేసి చూశాడు. మళ్ళీ ఆమెకేసి చూశాడు. "ఓరి దేవుడో," అన్నాడు మెల్లగా.

"ఆ సరుకు అందరి దగ్గరా ఉండదని చెప్పాను," అంది వరస. "మళ్ళీ రాశారు. 'అయితే ఎవరో ఒకళ్ళని బతిమాలి ఎదర కూచోబెట్టుకోమనండి. ఒక్కళ్ళే అల్లకండి అని అన్నిటికంటే పైన రాసెయ్యండి. ఉంటానండి, ఓడవాళ్ళకి కబురెట్టాలి.'"

"ఏమని కబురు?"

"అది అడగలేదు. రుజువుకి అవసరమా?"

"అవసరమే."

వరస అడిగింది. గదుల్లో గొళ్ళేలు జరుగుతూనే ఉన్నాయి, దూరందూరంగా వరండా చివరిదాకా. పేరిందేవి మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

"'రానని,'" చదివింది వరస. "'పనికి ఎదర మనిషి ఉండాలని ఇప్పుడేగా మీరన్నారు. ఆ ఓడలో నేనొక్కణ్ణే ఏం చేత్తానండి? పలక సంగతి తరవాత చూసుకుందాం. ఇయ్యాల మజ్జిగ కూడా బాగా కుదిరింది, పొద్దున్న ఎవరూ చెప్పలేదు గానీ.'"

పేరిందేవి చేత్తో మంచం నులక ఒకసారి మీటింది, అది ఎలా మోగుతుందో తెలిసినా.

కింది గోడ పక్కకి జరిగింది. దుంగ వచ్చింది. దాని వెనకే రంపం వచ్చింది, ఇంత పొడుగున. ఏసుపాదం పంచె ఎగ్గట్టి ఇటు పిడి పట్టుకున్నాడు.

రెండో పిడి పేరిందేవి వైపు ఉంది.